చెరువు గట్టు మీద లండన్ సమావేశం

గోదావరి జిల్లాలు ఎట్లా ఉన్నాయని తిరిగొచ్చినప్పటి నుంచీ అందరూ అడుగుతున్నారు. పచ్చగా ఉన్నాయంటే చాలు, తృప్తిగా తలూపి వెళ్ళిపోతున్నారు. అనంతపురం వాళ్ళకు పచ్చదనం అంటే ఎంత ఆశో నాకు తెలియనిది కాదు, నేనూ అనంతపురం దాన్నే. కానీ నేను చూసొచ్చింది పచ్చదనం కాదు. అదేమిటో చెప్పాలంటే ముందు నేను చెప్పే పాఠం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉంది. తోటివాళ్ళంతా విజయనగరం, పాలెగాళ్ళు అంటూ పరిశోధనలు చేసుకుంటే, నేను మాత్రం రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అమెరికా విదేశాంగ విధానం పట్టుకుని కూర్చున్నాను. మొదటి యుద్ధం అయ్యేసరికి ఐరోపా దేశాలు అమెరికాకు బాకీ పడ్డాయి. బాకీ కట్టమంది అమెరికా. మా సరుకు కొనండి, ఆ డబ్బుతో కడతామన్నారు వాళ్ళు. అమెరికా ఆ సరుకు మీద సుంకం పెంచింది. అంటే, డబ్బు కట్టాలి, సంపాదించుకోవడం మాత్రం కుదరదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే నా పీహెచ్‌డీ అంతా అర్థమైనట్టే. స్టాఫ్ రూంలో నన్ను "అమెరికా మేడం" అంటారు. ఆ దేశం నేను ఎప్పుడూ పోలేదు, పోవాలనీ లేదు.

ఈ విషయం మీదే మాట్లాడమని రాజమహేంద్రవరం నుంచి కామేశ్వరి పిలిచింది. అక్కడొక కాలేజీలో ఆమెదీ చరిత్రే. ఎప్పుడో ఒక శిక్షణ తరగతుల్లో ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. నా పాఠం వినడానికి ఒకరు రైలు ఖర్చులిచ్చి పిలవడం అదే మొదటిసారి, అందుకని ఎగిరి గంతేసి బయల్దేరాను.

సామర్లకోట

రైలు గోదావరి వంతెన దాటేటప్పుడు మేలుకుని ఉండాలని రాత్రంతా అనుకున్నాను. అనుకుని అనుకుని తెల్లవారుజామున నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి బోర్డు మీద సామర్లకోట అని ఉంది. ఇన్నేళ్ళ బతుకులో మొదటిసారి గోదావరి దాటాను, అదీ గురకపెట్టి.

దిగిపోయి, స్టేషన్ బయట టిఫిన్ బండి దగ్గర నిలబడ్డాను. బండి నడిపే ఆమె నన్ను ఎగాదిగా చూసి "ఎక్కడికెళ్ళాలండి?" అంది. చెప్పాను.

"అయ్యయ్యో, దాటొచ్చేసేరండీ!" అని నాకంటే ఎక్కువ బాధపడింది. "కంగారు పడకండి. వెనక్కి బోలెడు బళ్ళున్నాయండి. ముందు కూర్చుని టిఫిన్ చెయ్యండి."

మా ఊళ్ళో అయితే "నిద్రపోతే ఎట్లప్పా, చూసుకోవద్దా?" అని ముందు తిట్టి, ఆ తర్వాత దారి చెబుతారు. ఇక్కడ తిట్టు లేదు, ఎత్తిపొడుపు లేదు. పెసరట్టులో ఉప్మా పెట్టి ఇచ్చింది. అల్లం పచ్చడి నోట్లో పెట్టుకుంటే తియ్యగా తగిలింది.

"పచ్చడిలో బెల్లం వేశారా?"

"బెల్లం వెయ్యకపోతే పచ్చడేంటండి!" అంది, నేనేదో అనరాని మాట అన్నట్టు.

యాభై రూపాయలకు కడుపు నిండిపోయింది. చాలంటే వినకుండా ఇంకో గరిటెడు ఉప్మా వేసింది. అంత పొద్దున్నే ఒక్కతే ఉంది కదా అని, ఇంట్లో ఎవరూ సాయం చెయ్యరా అని అడిగాను.

"మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో చేసేవారండి. ఇప్పుడు రోజూ పని ఉండట్లేదు. రొయ్యల లోడు కదిలితేనే కదండి ఐసు కావాలి."

"రొయ్యలకేమైంది?"

"అమెరికా వాళ్ళు ఏదో పన్ను వేసేరంటండి." పెనం మీద నీళ్ళు చల్లి ఇంకో అట్టు పోసింది. "వాళ్ళు పన్నేస్తే మా ఇంట్లో పని పోవడమేంటో నాకు తెలీదండి. చదువుకున్నోళ్ళు మీరు, మీకు తెలుస్తుందేమో."

తెలుసు. అమెరికా మన రొయ్యల మీద రెండు దఫాలుగా సుంకం పెంచిన సంగతి పేపర్లో చదివాను, కత్తిరించి ఫైల్లో కూడా పెట్టుకున్నాను. ఆమెకు చెప్పబోయి, బాకీలు, మాంద్యం అంటూ మొదలుపెట్టేసరికి ఇంకో ముగ్గురు టిఫినుకొచ్చారు. పక్కకు జరిగాను. భీమేశ్వరుడి గుడికి వెళ్ళి, రెండంతస్తులు ఎత్తున్న శివలింగాన్ని కింద నుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి చూసి, వెనక్కి వెళ్ళే రైలెక్కాను.

రాజమహేంద్రవరం

సెమినారుకు ఫైనలియర్ పిల్లల్ని తోలుకొచ్చి కూర్చోబెట్టారు. సగం మంది ఫోన్లలో ఉన్నారు. ప్రిన్సిపాల్ గారు నన్ను పరిచయం చేస్తూ "అమెరికా గురించి ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవారు" అన్నారు. తర్వాత నావైపు వంగి మెల్లగా అడిగారు.

"ఎన్నిసార్లు వెళ్ళేరండి?"

"ఒక్కసారి కూడా పోలేదండి."

ఆయన ముఖం చూడాలి! పెళ్ళివిందులో ఆవకాయ అయిపోయిందని చెప్పినా అంత చిన్నబోయేవారు కాదు. నా ముందు మంచినీళ్ళ సీసా ఒకటి పెట్టించి, పనుందని వెళ్ళిపోయారు.

నేను 1933 నాటి లండన్ సమావేశం గురించి మాట్లాడాను. ప్రపంచమంతా మాంద్యంలో మునిగి ఉంది. అరవైకి పైగా దేశాలు ఒకచోట కూర్చున్నాయి, డబ్బు విలువలు కుదుటపరుచుకుందాం, వ్యాపారానికి దారులు తెరుద్దాం అని. బాకీల ఊసెత్తకూడదని అమెరికా ముందే షరతు పెట్టింది. సరేనన్నారు. డబ్బు విలువల సంగతి కుదిరేటట్టుందని అందరూ ఊపిరి పీల్చుకుంటున్న వేళ, సెలవుల్లో సముద్రం మీద ఉన్న అమెరికా అధ్యక్షుడి దగ్గర నుంచి ఒక సందేశం వచ్చింది. ఆ ఒప్పందం మాకు అక్కర్లేదని. దానితో సమావేశం చచ్చిపోయింది. మిగిలిన వాళ్ళు ఇంకొన్ని వారాలు మొక్కుబడిగా కూర్చుని, గొణుక్కుని, ఎవరి దేశానికి వాళ్ళు పోయారు.

ముందు బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "అన్ని దేశాలు ఉన్నాయి కదా మేడం, అందరూ కలిసి ఎందుకు ఎదురు తిరగలేదండి?"

"వెన్నెముక లేకమ్మా" అన్నాను. ఈ మాట నాకు ఇష్టమైన మాట. ఏటా చెబుతాను, ఏటా పిల్లలు నవ్వుతారు. "ముఖం మీద మాట అనే ధైర్యం లేక. అంతకంటే ఏమీ లేదు."

ఇక్కడి పిల్లలూ నవ్వారు. తర్వాత భోజనాలన్నారు, హాలు ఖాళీ అయింది.

చివరి బెంచీలో ఒకాయన మాత్రం కదల్లేదు. నలభై దాటిన మనిషి, ఎండకు కాలిన ఒళ్ళు, తెల్ల చొక్కా. కామేశ్వరి అన్నయ్య సత్తిబాబు. చెల్లెల్ని ఊరికి తీసుకెళ్ళడానికి వచ్చి, వచ్చినవాడు నా ఉపన్యాసమంతా విన్నాడు. లేచొచ్చి చేతులు జోడించాడు.

"ఆ సుంకం అప్పుడు తగ్గిందాండి మరి?"

"ఏ సుంకం?"

"మీరు చెప్పేరు కదండి, ఆ రోజుల్లో అమెరికా వేసింది. తగ్గించేరా?"

ముప్పై ఏళ్ళలో నన్ను ఆ ప్రశ్న ఇంత ఆత్రంగా అడిగినవాళ్ళు లేరు. "తగ్గించినారు. నాలుగేళ్ళ తర్వాత చట్టం మార్చి, ఒక్కో దేశంతో మాట్లాడుకుని తగ్గించుకుంటూ వచ్చినారు."

"నాలుగేళ్ళాండి" అన్నాడు. "రొయ్య నాలుగు నెలలు దాటితే ఆగదండి."

సోమవారం ఆయన చెరువులో పట్టుబడి. అంటే పెంచిన రొయ్యనంతా ఒక్కసారే పట్టి అమ్మేసే రోజు. చూసి వెళ్ళమన్నాడు. కామేశ్వరి పట్టుబట్టింది. "మా వదిన మీకోసం వంట మొదలెట్టేసింది కూడానండి, రానంటే ఊరుకోదు" అంది. వెళ్ళాను.

రామచంద్రపురం దాటాక

ఆదివారం కారులో బయల్దేరాం. రామచంద్రపురం దాకా వరి. కాలువ పక్కన కాలువ, దాని పక్కన కొబ్బరి. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాను. మా వైపు బోరు వేస్తే వెయ్యి అడుగుల లోతున దుమ్ము వస్తుంది, ఇక్కడ రోడ్డు పక్కన గుంటలో కూడా కలువలు. నీళ్ళను ఇంత నిర్లక్ష్యంగా చూసే మనుషుల మీద నాకు కోపం కూడా వచ్చింది. రామచంద్రపురంలో కాఫీకి ఆగితే హోటలాయన నా యాస విని, ఏ ఊరో కనుక్కుని, "అంత దూరం నుంచి వచ్చేరు" అని డబ్బు తీసుకోలేదు. ఆ మర్యాదకు నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. మర్నాడు పొద్దునకే అదే మర్యాదంటే నాకు ఒళ్ళు మండింది, ఆ సంగతీ చెబుతాను.

కోనసీమ వైపు తిరిగి, సముద్రం దగ్గరయ్యే కొద్దీ వరి తగ్గిపోయి చెరువులు మొదలయ్యాయి. నలుచదరంగా తవ్విన చెరువులు, వాటిలో నీటిని చిలుకుతూ గాలి పట్టించే మరలు. చాలా చోట్ల మరలు ఆగి ఉన్నాయి.

"ఇదంతా వరేనండి ఒకప్పుడు" అన్నాడు సత్తిబాబు, కారు నడుపుతూ. "మాదీ వరేనండి, మూడెకరాలు. గిట్టుబాటు కాక తవ్వించేసేను."

"రొయ్య కుదరకపోతే మళ్ళీ వరి వేసుకోవచ్చు కదప్పా."

అన్నా చెల్లెలూ ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు.

"ఉప్పునీళ్ళు పెట్టేసేం కదండి" అన్నాడు అతను. "ఆ భూమిలో ఇంక వరి మొలకెత్తదండి. మా తాతయ్య గారి రోజుల్లో, మీరు మొన్న చెప్పేరే, ఆ మాంద్యం, అప్పుడు ధాన్యం రేటు పడిపోయిందంటండి. ఆయన అమ్మకుండా గాదెలో పోసుకు కూర్చున్నారంట. ధాన్యం కూర్చుంటుందండి. రొయ్య కూర్చోదు."

కామేశ్వరి మిగతాది చెప్పింది. పోయిన రెండు పంటలూ దెబ్బతిన్నాయి. ఈ పట్టుబడికి, ఎగుమతి కంపెనీ తరఫున రొయ్య కొనే ప్రసాదు గారనే ఏజెంటు ఒక రేటు చెప్పాడు. ఆ రేటు దక్కితే చెరువులో మళ్ళీ రొయ్యపిల్ల వేసి ఇంకో పంట చూసుకోవచ్చు. దక్కకపోతే చెరువు వదిలేసుకోవడమే. వదిన అయితే ఇప్పటికే అమ్మేసెయ్యమంటోంది.

"అమ్మనండి" అన్నాడు సత్తిబాబు, మెల్లగానే. "మాట ఇచ్చేరు ప్రసాదు గారు. ఈసారి అయిపోద్ది."

ఇంటికి చేరేసరికి వెంకటలక్ష్మి, అంటే సత్తిబాబు భార్య, అరిటాకులు పరిచి ఎదురుచూస్తోంది. రొయ్యల వేపుడు, చింతచిగురు రొయ్యలు, రొయ్యల పులావు. ఒక్కో రొయ్య నా బొటనవేలంత ఉంది. మా ఊళ్ళో ఇంత రొయ్యను బొమ్మలో చూడడమే.

"అమెరికా వాళ్ళు తినాల్సిందండి ఇది" అంటూ వడ్డించింది. "తినండి. ఈమధ్య మా ఇంటికొచ్చినోళ్ళందరూ అమెరికా వాళ్ళేనండి."

నేను పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు.

సాయంత్రం ప్రసాదు గారు మోటారు సైకిలు మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, ఎంతో నెమ్మదైన మాట. "మేడం గారా? ప్రొఫెసరు గారా? అదృష్టమండి" అని నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. విసురువల వేయించి, పడ్డ రొయ్యను తూకం వేయించి కిలోకి ఎన్ని వస్తున్నాయో లెక్క చూశాడు. ఎన్ని తక్కువ వస్తే అంత పెద్ద రొయ్య, అంత మంచి రేటు. బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు. చెప్పిన రేటే మళ్ళీ చెప్పి, కొబ్బరినీళ్ళు తాగి, సత్తిబాబు భుజం తట్టి వెళ్ళిపోయాడు.

"కాగితం రాసుకోరా?" అన్నాను, అతను గేటు దాటగానే.

సత్తిబాబు నొచ్చుకున్నాడు. "కాగితం అడిగితే ఆయన్ని అనుమానించినట్టు కాదాండి? బావుండదండి. ఇంటికొచ్చిన మనిషి."

చెరువు గట్టు

తెల్లారి మేం గట్టు మీదకు వెళ్ళేసరికి చెరువులో నీళ్ళు మోకాలి కిందికి దిగిపోయి ఉన్నాయి. తూము మూతికి సంచివల కట్టి రాత్రే నీళ్ళు వదిలారు. నీళ్ళతో పాటు రొయ్య వచ్చి వలలో పడుతోంది. మిగిలిన కాసిని నీళ్ళలో రొయ్య ఎగిరెగిరి పడుతోంది, వాన కురుస్తున్నట్టు చప్పుడు. గట్టు మీద కూలీలు, ప్లాస్టిక్ పెట్టెలు, ఐసు పొడి. పక్కన కంపెనీ లారీ. పొద్దెక్కకుండా లోడు కదిలిపోవాలి. నీళ్ళు తీసేశాక రొయ్య పెంకు వదిలి మెత్తబడుతుందట, ఎండ తగిలితే చస్తుందట, మెత్తటి రొయ్యను, చచ్చిన రొయ్యను ఎవరూ కొనరట. ఇదంతా వెంకటలక్ష్మి నాకు చెబుతోంది, కొంగు నడుముకు చుట్టుకుని, చెరువు మీంచి కన్ను తిప్పకుండా.

ప్రసాదు గారు వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా. నాకు మళ్ళీ దండం పెట్టాడు. మొదటి పెట్టెలు తూకం దగ్గరకు వస్తుండగా జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. ముఖం దిగాలుగా పెట్టాడు.

"సత్తిబాబు గారూ, ఒక్కమాటండి. ఏమీ అనుకోకండి. ఇప్పుడే మెసేజ్ వచ్చిందండి కంపెనీ నుంచి. అమెరికాలో ఆర్డర్లు ఆపేసేరంటండి. కిలోకి నలభై తగ్గించుకోవాలండి మీరు."

సత్తిబాబు చేతిలో ఉన్న పెట్టె అలాగే ఉండిపోయింది. "అదేంటండీ ప్రసాదు గారూ. నిన్న మాట అనుకున్నాం కదండి."

"అనుకున్నామండి. కాదనట్లేదు కదండి. నాకు మాత్రం ఇష్టమాండి? మీ పంట నా పంట కాదాండి? పైనుంచి వచ్చింది, నేనేం చెయ్యనండి."

అండి, అండి, అండి. మనిషిని నిలువునా కోసేటప్పుడు కూడా ఆ అండి వదలడు! మా వైపు మోసం చేసేవాడు కనీసం గొంతు పెంచుతాడు, మనమూ పెంచడానికి వీలుగా.

నేను ఊరుకోవాల్సింది. కానీ ముప్పై ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్న సంగతి నా కళ్ళముందే జరుగుతుంటే ఎట్లా ఊరుకోవడం? బేరం కుదిరాక దూరం నుంచి ఒక సందేశం. వాచీ చూసుకున్నాను. ఏడు కావస్తోంది. అప్పుడు నాకు తట్టింది.

"ప్రసాదూ, ఈరోజు ఏ వారమప్పా?"

"సోమవారమండి."

"ఇక్కడ సోమవారం. అమెరికాలో ఇంకా ఆదివారం రాత్రి. ఆదివారం రాత్రి ఏ ఆఫీసు తెరిచి నీ ఆర్డరు ఆపినారు?"

కూలీలు పని ఆపారు. ప్రసాదు చిరునవ్వు చెక్కు చెదరలేదు. "ఈ రోజుల్లో ఆదివారం ఏంటండి మేడం గారూ. ఎప్పుడు బడితే అప్పుడు ఫోన్లో పెట్టేస్తున్నారండి వాళ్ళు."

"ఏదీ, ఆ మెసేజ్ చూపించు."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. "కంపెనీ విషయాలండి, చూపించకూడదండి."

"చూపించకూడదు కాదు, లేదు. మెసేజూ లేదు, ఆర్డరూ ఆగలేదు. నీళ్ళు తీసేదాకా ఆగి, తీసినాక రేటు కోస్తున్నావు. నేను చెప్పేది అబద్ధమైతే నీ కంపెనీకి ఫోన్ చెయ్, ఇప్పుడే, అందరూ వినేటట్టు."

అబ్బా, అన్నాక ఎంత హాయిగా ఉందో! లండన్‌లో అరవై దేశాలు అనలేని మాట ఒక అనంతపురం ఆడది గట్టు మీద నిలబడి అనేసింది. సత్తిబాబు వైపు చూశాను, ఇక నువ్వూ అను అన్నట్టు.

ప్రసాదు కోప్పడలేదు. నాకు చేతులు జోడించాడు. "మేడం గారు పెద్దవారండి, ఏమన్నా పడతామండి" అన్నాడు. తర్వాత లారీ వైపు తిరిగి డ్రైవరుతో అన్నాడు, "బండి తిప్పవయ్యా. అవతల చెరువు వాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఇక్కడ మనమీద నమ్మకం లేదంట."

లారీ స్టార్టయింది.

సత్తిబాబు పెట్టె కింద పడేసి పరిగెత్తాడు. బురద కాళ్ళతో లారీకి అడ్డంగా నిలబడ్డాడు. "ప్రసాదు గారూ! ప్రసాదు గారూ, ఆగండి బాబూ! ఆవిడకి మన పద్ధతులు తెలీవండి. వేరే ఊరి నుంచి వచ్చేరండి. నేను అన్నానాండి? నేను ఒక్కమాట అన్నానాండి?"

"మీరనలేదండి. కానీ నలుగురిలో అనిపించుకున్నాను కదండి."

"తప్పయిపోయిందండి. నేను చెబుతున్నాను కదండి తప్పని."

చెరువులో రొయ్య చప్పుడు తగ్గుతోంది. ఎండ కొబ్బరాకుల మీంచి నీళ్ళ మీదకు దిగింది. ప్రసాదు దాన్ని చూశాడు, సత్తిబాబు చూశాడు, నేనూ చూశాను.

"యాభై ఐదు తగ్గించుకోవాలండి అయితే" అన్నాడు ప్రసాదు. "డ్రైవరు కూడా వినేసేడు కదండి, నా మాట నిలబడాలి."

"సరేనండి" అన్నాడు సత్తిబాబు.

తర్వాత నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "ఎండగా ఉందండి, మీరు లోపలికెళ్ళి కూర్చోండి" అన్నాడు. తూకం మొదలైంది. నేను ఇంటి అరుగు మీద కూర్చుని, లారీ వెళ్ళేదాకా పెట్టెల చప్పుడు వింటూ ఉన్నాను. వెళ్ళబోయే ముందు ప్రసాదుకు వెంకటలక్ష్మి కొబ్బరినీళ్ళు ఇచ్చింది. అతను తాగాడు.

తిరుగు దారి

మధ్యాహ్నం భోజనంలో మళ్ళీ రొయ్యలే. ఎవరూ ఒక్కమాట అనలేదు, అదే నాకు నరకం. చివరికి నేనే అన్నాను, "నా వల్ల నీకు నష్టం జరిగిందమ్మా" అని.

"మీరు నిజమే చెప్పేరు కదండి" అంది వెంకటలక్ష్మి, పెరుగు వేస్తూ. "మీరు రేపు ఇంటికెళ్ళిపోతారు. ఆయన్ని మళ్ళీ ప్రసాదు గారు పలకరించాలి కదండి."

వెళ్ళేటప్పుడు సత్తిబాబు ఒక థర్మాకోల్ పెట్టె తెచ్చాడు. ఐసు పోసి, రొయ్యలు సర్ది, టేపు చుట్టాడు. వద్దన్నాను. బతిమాలాను. కోపం కూడా తెచ్చుకున్నాను.

"ఇంటికొచ్చిన వాళ్ళు ఉత్తచేతులతో వెళ్ళకూడదండి" అని కారులో పెట్టేశాడు.

రాజమహేంద్రవరం స్టేషన్‌లో దింపాడు. రైలుకు ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం మీద ఇద్దరం నిలబడ్డాం. ఎట్లాగైనా అతని నోటి నుంచి ఒక మాట వినాలని నాకు.

"అతను అబద్ధం చెప్పినాడని నీకు తెలియదా సత్తిబాబూ?"

"ఎందుకు తెలీదండి" అన్నాడు. నవ్వాడు కూడా. "అక్కడ ఆదివారమని నాకూ తెలుసండి. అక్కడి రేట్లు చూసుకునే కదండి మేం పడుకునేది. నీళ్ళు తీసేశాక నిజం ఎందుకండి?"

రైలు వచ్చింది. పెట్టెను నా సీటు కింద తోసి, పక్కాయనతో "మేడం గారి సామానండి, కాస్త చూస్తూ ఉండండి" అని అప్పజెప్పి దిగిపోయాడు. గోదావరి వంతెన మీద ఈసారి మేలుకునే ఉన్నాను. నది చాలా పెద్దది. అంతకంటే నాకేమీ గుర్తులేదు. పెట్టె లోపల ఐసు కరిగి విజయవాడ దాటాక నీళ్ళు కారడం మొదలైంది. పక్కాయన చెప్పులు తడిసి, నన్ను ఆయన గుంటూరు యాసలో చెడామడా తిట్టాడు. ఆ తిట్లకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

మొన్న కామేశ్వరి ఫోన్ చేసింది. చెరువు ఇచ్చేశారట. ఎవరికని అడిగాను. "ప్రసాదు గారికేనండి" అంది. అన్నయ్యను కాపలాకు ఉండమన్నాడట, నెలజీతం మీద. "చాలా మర్యాదగా అడిగేరంటండి" అంది. ఆ మాట ఆమె ఎగతాళికి అన్నదో, నిజంగానే అన్నదో నేను అడగలేదు.

నిన్న మా క్లాసులో లండన్ సమావేశం పాఠం వచ్చింది. బాకీలు చెప్పాను, సుంకం చెప్పాను, ఓడ మీంచి వచ్చిన సందేశం చెప్పాను. ఏటా అడిగే ప్రశ్నే మళ్ళీ ఒక అమ్మాయి అడిగింది, అంతమంది ఉండి ఎందుకు నోరు మూసుకున్నారు మేడం అని. వెన్నెముక మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అప్పటికే నీళ్ళు తీసేసినారమ్మా" అన్నాను.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా ఊళ్ళో చెరువులో నీళ్ళుంటే వింత గాని, లేకపోతే ఏం వింత? ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ అమ్మాయి మాత్రం రాసుకుంది.

"పరీక్షలో ఇదే రాయొచ్చా మేడం?"

రాయమన్నాను. మార్కులు వేస్తానని చెప్పాను.